మూడో మెట్టు మీద కళాయి

అరవైల మొదట్లో నేను అనంతపురంలో ఒక కాలేజీలో లెక్చరర్‌ని. మా ప్రయోగశాలలో అతిచిన్న రేడియో తరంగాలను కొలిచే పరికరాలు ఒక బల్ల నిండా ఉండేవి. ఎండాకాలంలో కరెంటు తాగినవాడిలా తూలేది కాబట్టి, తెల్లవారుజామునే వెళ్ళి కొలతలు తీసుకునేవాణ్ణి. నా పని చెప్పడానికి చిన్నదే. సర్క్యూట్ నుంచి వచ్చే తరంగం వేవ్‌గైడ్ అనే ఇత్తడి గొట్టంలోకి దూరాలి. దూరేచోట సగం వెనక్కి తన్నుకొస్తుంది. అక్కడ ఇత్తడితో చిన్న చిన్న మెట్లు కడితే తరంగం మెల్లగా దిగి లోపలికి పోతుంది, మీటరు ముల్లు నిలకడగా ఉంటుంది. ఒక్క ఫ్రీక్వెన్సీకైతే ఎవరైనా చేస్తారు. బ్యాండు మొత్తానికీ, అంటే ఆ వరుసలోని ఫ్రీక్వెన్సీలన్నిటికీ, ఒకే ముక్క సరిపోవాలంటేనే తల ప్రాణం తోకకొస్తుంది.

ఆ ముక్క మీదే నా ఆశంతా. బెంగుళూరులో ఒక పరిశోధనశాలలో ఒక్క చోటు ఖాళీ ఉందని, మా కాలేజీలో ఎవరి ముక్క బాగా పనిచేస్తే వాళ్ళను తీసుకుంటారని ప్రిన్సిపాల్ చెప్పారు. పోటీలో ఉన్నది ఇద్దరం. రెండో మనిషి నేను అన్నా అని పిలిచే సీనియర్ లెక్చరర్. ఆయనది కణేకల్. మా బత్తలపల్లె వైపు వానలు మొహం చాటేసిన ఏడాది, కాలువ కింద పండిన బియ్యం మూట భుజాన వేసుకొచ్చి మా ఇంట్లో దించినవాడు. ఆయన దగ్గర నాకు దాపరికం ఏముంటుంది?

మెట్లు నేనే ఆకురాయితో రాకాను. మూడో మెట్టు దగ్గర చెయ్యి జారి ఎక్కువ అరిగిపోయింది. కొత్త ఇత్తడి అడిగితే నెలలు పట్టేది. అదే వారం గిన్నెలకు కళాయి వేసే సాయిబు మా వీధిలోకి వచ్చాడు. ఆయన్ని రవ్వంత తగరం అడిగి తెచ్చి, కరిగించి, అరిగినచోట పోసి, మళ్ళీ రాకి సరిచేశాను. బ్యాండు ఈ కొస నుంచి ఆ కొస దాకా ముల్లు నిలకడగా నిలబడింది. సంతోషం పట్టలేక ముందుగా అన్నకే చూపించాను.

"గిన్నెకు ఏసినట్ల కళాయి ఏసినావే! ఒగసారి ఇయ్యప్పా, ఇంటికాడ తీరుబడిగా చూసిస్తా" అన్నాడు. కొన్నాళ్ళకు రుమాల్లో చుట్టి తెచ్చిచ్చాడు. నేను విప్పి చూడనైనా లేదు.

బెంగుళూరు నుంచి పెద్దలు వచ్చిన రోజున మొదట నా ముక్క బిగించాను. ముల్లు ఎగిరెగిరి పడింది. విప్పి చూస్తే మూడో మెట్టు మీద ఉన్నది నేను పోసిన తగరం కాదు. ఎవరో దాన్ని కరిగించి తీసి, కింద మెట్టు ఎంత లోతుందో కొలుచుకుని, మళ్ళీ వంకరగా అద్దారు. తర్వాత అన్న తన కొత్త ముక్క బిగించాడు. ముల్లు కదల్లేదు. ఆయన దాన్ని విప్పి అందరికీ చూపించినప్పుడు నేనూ చూశాను. మిషను మీద తీరుగా కోసిన మెట్లు. మూడోది మాత్రం నాదానిలాగే ఎక్కువ లోతు, దాని మీద తగరం.

వచ్చినవాళ్ళలో ఒకాయన ఆ తగరం ఎందుకని అడిగాడు. "అది లేకపోతే ఇంత బ్యాండు రాదు సార్" అన్నాడు అన్న, ఏమాత్రం తడబడకుండా.

నాకు ఒళ్ళు మండిపోయింది. "నాకు ఆకురాయి జారిందన్నా, అందుకే ఏసినా. నీకు మిషను కూడా జారిందా?" అని అందరి ముందూ అరిచాను.

ప్రిన్సిపాల్ కళ్ళెర్ర చేశారు. "నీది పనిచెయ్యలేదని ఆయన మీద కుళ్ళుకుంటే ఎట్లప్పా?" అన్నారు. నా చేతిలో ఉన్నది నిజంగానే పనిచెయ్యని ముక్క.

చోటు ఆయనకే వచ్చింది. రైలెక్కే ముందు మా ఇంటికి వచ్చాడు. సంగతి తెలియని మా అమ్మ బొరుగులతో ఒగ్గాని చేసి పెట్టింది. తింటూ తింటూ గొంతు తగ్గించి, "ఆడ ఇంగో బ్యాండుకు చెయ్యమంటాండారు తమ్ముడూ. కళాయి ఎంత మందం ఏస్తే సరిపోతాదో చెప్పు" అని అడిగాడు.

నా తప్పును కూడా వదలకుండా ఎత్తుకుపోయాడు, అది తప్పని మాత్రం ఆయనకు తట్టనేలేదు. మెట్టు సరైన లోతుకు కోస్తే కళాయితో పనే లేదని ఒక్క మాట చెబితే చాలు. నా నోట ఆ మాట రాలేదు, రానందుకు ఈ రోజుకీ నాకు చింత లేదు.

"సాయంత్రం సాయిబు వీధిలోకొస్తాడు, ఆయన్నడుగన్నా" అన్నాను.

ఆయన నవ్వి, ఇంకొంచెం పెట్టమని మా అమ్మ వైపు ప్లేటు చాచాడు.