కొల్లేటి ఒడ్డున ఇరవై నిమిషాలు

నా భార్య నిర్మల తాడేపల్లిగూడెంలో జువాలజీ లెక్చరర్. జీవకణంలోని జన్యువులను మనిషి కొత్తగా రాసి, దానిచేత తనకు కావలసిన పని చేయించే శాస్త్రం ఒకటి వస్తోందని, దాని పేరు సింథటిక్ బయాలజీ అని మామూలు జనానికి చెప్పాలని ఆమె పట్టుదల. పత్రికలకు రాసింది. వేయలేదు. చివరికి పెళ్ళిళ్ళ వీడియోలు తీసే ఆయనచేత ఇరవై నిమిషాల ప్రసంగం తీయించింది. అది టీవీలో రాకముందే తను చనిపోయింది. ఏలూరు కేబుల్ ఆపరేటరు రాంబాబు ఈ ఆదివారం వేస్తానన్నాడు. కొల్లేటి ఒడ్డు గుడివాకలంకలో చేపల చెరువుల వాళ్ళతో కూర్చుని చూస్తానని నిర్మల వాళ్ళకు మాటిచ్చింది. ఆమె బదులు నేను వెళ్ళాను.

గూడెంలో ఏడింటి పాసింజరు ఎక్కితే ఎనిమిదిన్నరకు ఏలూరు. ఎడమవైపు కూర్చుంటే పూళ్ళ దాటాక చెరువులు కనిపిస్తాయి. కూర్చున్నాను. చూడలేదు. క్యాసెట్టు పది రోజుల కిందటే రాంబాబుకి ఇచ్చాను. దారిలో అతని ఆఫీసుకు వెళ్ళాను.

"పదకొండింటికేనండి. మేడమ్ గారిది నేనే దగ్గరుండి చేశాను. చూడండి, మీకే తెలుస్తుంది" అన్నాడు.

పాత బస్టాండు దగ్గర షేర్ ఆటో, పదిహేను రూపాయలు. లంక చేరడానికి దాదాపు గంట.

"పక్షులు చూట్టానికాండి?" అన్నాడు డ్రైవరు.

"టీవీ చూడ్డానికి."

"ఏలూరులో టీవీలు లేవాండీ?"

లంకలో భోజనం హోటలు నడిపే నాగమణి బల్లలు ముందే జరిపి ఉంచింది. పదిహేనుమంది దాకా వచ్చారు. "మాస్టారూ, టీవీ అయ్యాక కొర్రమీను కూర తినకుండా కదలనివ్వనండి" అంది.

పదకొండింటికి నిర్మల కనిపించింది. చుట్టూ పూలదండ బొమ్మ. మూలన కొవ్వొత్తి. కింద 'ప్రభువు సన్నిధికి చేరిన శ్రీమతి నిర్మల గారికి శ్రద్ధాంజలి' అని అక్షరాలు పరుగెడుతున్నాయి. ఆమె పెదవులు కదులుతున్నాయి, చెయ్యి బోర్డు మీద ఏదో గీస్తోంది. వినిపిస్తున్నది చర్చి పాట. ఆడవాళ్ళు కొంగు తలమీదికి లాక్కుని లేచి నిలబడ్డారు. ఇరవై నిమిషాలూ అలాగే నిలబడ్డారు.

బయటికొచ్చి రాంబాబుకి ఫోన్ చేశాను.

"పాట బాగా కుదిరిందాండి? మాటలుంటే సంతాపంలా ఉండదని తీసేశానండి. మీరు డబ్బులేం ఇవ్వొద్దు."

"అసలు టేపు?"

"దానిమీదే పాట ఎక్కించానండి."

వీడియో తీసినాయన అప్పటికే తన టేపు మీద ఏదో పెళ్ళి తీసేశాడు. ఇంకో కాపీ లేదు.

లోపలికి వెళ్తే నాగమణి అడిగింది. "అమ్మగారు ఏం చెప్తున్నారండి?" నేను కామర్స్ చెప్పేవాణ్ణి. రొట్టెల పిండి పొంగించే ఈస్టు జన్యువులు మార్చి మలేరియా మందుకు ముడిసరుకు చేయిస్తున్నారని, అంతవరకు చెప్పగలిగాను. వలలు బాగుచేసే పెద్దాయన సాంతం విని, "మాకన్నీ ఆఖర్నే తెలుస్తాయండి. అట్టాంటిది రేపు మా చెరువులోకొస్తే ఎవర్ని అడగాలండి?" అన్నాడు.

సరిగ్గా ఆ ప్రశ్న ఎవరో ఒకరు అడగాలనే ఆమె అంత తిరిగింది. జవాబు ఆ టేపులో ఉండే ఉంటుంది. టేపు ఉంది కదా, ఎప్పుడైనా వినొచ్చనుకుని నేను చివరిదాకా వినలేదు. తెలియదన్నాను. కూర వడ్డించారు. తిన్నాను.

మధ్యాహ్నం మూడు దాటితే లంక నుంచి ఆటోలు దొరకడం కష్టం, ముందే బయలుదేరండి. ఇంట్లో మీవాళ్ళ గొంతున్న టేపు ఏదైనా ఉంటే, ఎవరికైనా ఇచ్చేముందు కాపీ తీయించండి. అంతకంటే ముందు కూర్చుని వినండి.