సరిచూసినది మా అల్లుడు

మా అల్లుడికి ఒకటే జబ్బు. తెరిచింది ఏదైనా మూసేదాకా ఆయనకు ఊపిరాడదు. సీసా మూత, బీరువా తలుపు, చివరికి నేను మొదలుపెట్టిన తిట్టు కూడా.

కొట్లలో సరుకుల ధర ఎలా కట్టాలో కంప్యూటరుకు గ్రూవీ అనే భాషలో రాసి చెప్పడం ఆయన ఉద్యోగం. "పది కొంటే ఇంత తగ్గించు" అనడానికి అందులో ఆరు బ్రాకెట్లు కావాలట. నేనైతే కనుబొమ ఎగరేసి బేరం తెంచుతాను.

రాతలో తప్పుంటే పట్టి, లేకుంటే పచ్చ టిక్కు వేసే బటను కంప్యూటరులోనే ఉంది. అయినా ఆఫీసులో ఎవరు ఏది రాసినా ఈయన తెప్పించుకుని, తెర మీద వేలు జరుపుతూ "ఇక్కడ తెరిచారు, ఇక్కడ మూశారు" అంటూ కూర్చుంటాడు. పైగా ప్రతిదాని నెత్తినా "సరిచూసినది నేను" అని తన పేరు రాసుకుంటాడు, గిన్నెల మీద కొట్టించుకున్నట్టు.

"పచ్చ టిక్కు పడ్డాక కూడా ఏమిటండీ మీ చాదస్తం?" అంది మా అమ్మాయి.

"ఆ బటను బ్రాకెట్టు చూస్తుందే, బుద్ధి చూడదు."

"పెళ్లిచూపుల్లో మేమూ చూడలేదు నాయనా," అన్నాను.

"హమ్మయ్య, తిట్టు పూర్తి చేశారు అత్తయ్యగారూ!"

మొన్న మధ్యాహ్నం, ఇంట్లోంచే పని చేసుకుంటున్న అల్లుడి ఫోను మోగింది. ఆఫీసులో కొత్తగా చేరిన పిల్ల. ఉద్యోగం ఖాయం చేసేది ఈ వారమే. తను రాసింది నడవక కొట్లన్నిటిలో బిల్లులు ఆగిపోయాయి.

"బ్రాకెట్లన్నీ మూశాను సార్! పచ్చ టిక్కే పడింది. నన్ను తీసేస్తారు సార్!"

ఒకే సరుకు పేరును పైన సరిగ్గా రాసి, కింద ఓ అక్షరం మింగేసిందట. అలాంటిది బటనుకు దొరకదు, నడిపితేనే బయటపడుతుంది. అల్లుడికీ దొరకలేదు. వేలు బ్రాకెట్ల మీదే నడిచింది మరి!

"ఏడవకమ్మా, అక్షరం సరిచేసి పంపు. నెత్తిన ఎవరి పేరుంది?"

"మీదే సార్."

"మరి తిట్లెవరికి?"

అన్నట్టే మేనేజరు ఫోను చేశాడు. ఆ అరుపు వంటింట్లోకి వినిపించింది. "సరిచూసింది నేనే సార్, తప్పు నాదే సార్" అనడం తప్ప అల్లుడు ఆ పిల్ల ఊసెత్తలేదు.

"ఎవరు తప్పు చేసినా ఇంతేనమ్మా. అందుకే ఆ పేరు రాసేది," అంది అమ్మాయి.

నాకు ఒళ్లు మండింది. ఫోను లాక్కున్నాను.

"బాబూ, ఇంకో పేరు కూడా రాసుకో. సరిచూసినది ఆయన అత్త. ఇక నన్ను తిట్టు!"

మేనేజరు దగ్గుతూ ఫోను పెట్టేశాడు.

ఆ పిల్ల ఉద్యోగం ఖాయమైంది. నా జీతం సంగతే ఇంకా తేల్చలేదు.