మల్లేశం అర్జీ చదివి నవ్విన్రు

2020ల, లాక్‌డౌన్ నడుమ. సూరత్‌ల, ఉన్ అనే పేట కాడ నాది జిరాక్స్, టైపింగ్ దుకాణం. ఏడో తరగతిలనే బడి నన్ను వదిలించుకుంది. అయినా ఇంగ్లీషుల అర్జీలు కొట్టేది నేనే. తెలుగు మనిషి గుజరాతీ ఆఫీసరుకు ఇంగ్లీషుల ఎందుకు రాసుకోవాలె అని నన్నడగకుండ్రి. రివాజు.

ఒకరోజు సగం షట్టర్ కింద నుంచి వంగి వచ్చిండు మల్లేశం, మగ్గం కార్మికుడు. సిరిసిల్ల ఆస్పత్రిల తల్లికి సీరియస్. ఇంటర్‌స్టేట్ పాస్ కావాలె. అంటే బండి రాష్ట్రం దాటనిచ్చే కాగితం.

"అన్నా, జర మంచిగ రాయి. నాకోసం చూసి చూసి అమ్మ కండ్లు కాయలు కాసినయని పెట్టు. చదివినోడు కరగాలె."

కరిగిద్దామని మాటకు మాట ఇంగ్లీషుల దించిన: కండ్లకు పండ్లు కాసినయట! రాసి మురిసిన గూడ. ఆ అర్జీ పైన పెట్టి, ఆస్పత్రి చీటీ కింద పిన్ను కొట్టిన.

పాస్‌లిచ్చే ఆఫీసు కిటికీల సాబ్ పక్కసీటాయనను పిలిచి మరీ చదివిండట. "అరే, ఆంఖోం మే ఫల్! ఆమ్ హై యా చీకూ?" కండ్లల్ల కాసినయి మామిడిపండ్లా, సపోటాలా అని ఇద్దరు పడిపడి నవ్విన్రట. నవ్విన్రు గదా, పనైనట్టే అనుకొని మల్లేశం సాయంత్రం దాక నిలబడ్డడు. కిటికీ మూసేముందు కాగితం వాపస్. మీద ఎర్ర పెన్నుతోని ఇంగ్లీషుల: ఇట్ గోస్ వితౌట్ సేయింగ్, అంటే వేరే చెప్పేదేముంది, అర్జీ సరిగ్గ ఉండాలె.

రైల్వేల రిటైరైన మూర్తిగారికి ఆ లైను చూపెట్టిన.

"ఇది ఇంగ్లీషోళ్ల సొంతం కాదయ్యా. ఫ్రెంచి వాళ్ల నుడికారం, మాటకు మాట దింపుకున్నారు. చెప్పకుండానే వెళుతుందట! ఎక్కడికని ఎవడైనా అడిగాడా?"

నాకు ఒళ్లు మండింది. వాళ్లు దించుకుంటే దర్జా, మేం దించితే తమాషానా?

తెల్లారి మళ్ల కొట్టిన. తల్లి పేరు, వార్డు, బండి నంబరు. అంతే. ఆస్పత్రి చీటీ పైన పెట్టిన. పావుగంటల పాస్ వచ్చింది. మల్లేశం ఊరు చేరేసరికి తల్లి పోయి నాలుగు గంటలైంది.

ఫోన్ల నేను నోరు తెరవకముందే, "నేను చెప్పిందే రాసినవ్ గదన్నా," అన్నడు. తిట్టినా బాగుండు.

చదివేటోన్ని కరిగించుడు నా పని గాదు, సంతకం పెట్టే వాని చెయ్యి ఆగకుండ చూసుడు నా పని. దండుగైన ఆ ఒక్కరోజుల నా వాటా ఉంది, ఒప్పుకుంటున్న. కానీ కోపం ఇంక సల్లారలే. సాబ్, నా ఇంగ్లీషుకు కడుపునిండ నవ్వుకోండ్రి. నవ్వినంక కాగితం తిప్పి, కింది చీటీ గూడ చూడుండ్రి.