నార చుట్టిన సెన్సర్

నా చిన్నప్పుడు ఖరిదా అనే రైల్వే పేటలో మా ఇంటి ముందు మావయ్య పాత పికప్ బండి ఉండేది. నాకంటే వయసులో చాలా పెద్దది. గోల్‌బజార్‌కు చేపల బుట్టలు మోసే ఆ బండి ఎక్కడమంటే నాకు పండగే! అలాంటిది ఒకరోజు పొద్దున్నే, ఇంజన్ తిప్పీ తిప్పగానే వేడి చూపే ముల్లు ఎర్రగీతకు ఎగబాకింది. ఇంజన్ పోయిందని మావయ్య ఇల్లు పీకి పందిరేశాడు. బండి అమ్మేస్తానంటూ పాత ఇనుము కొనే బెంగాలీ దాదాకు కబురు కూడా పంపేశాడు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

మా తాతయ్య రైల్వే వర్క్‌షాపులో ఆవిరి ఇంజన్ల ఫిట్టరుగా పనిచేసి రిటైరైనవాడు. బోనెట్ ఎత్తి ఇంజన్ మీద చెయ్యి పెట్టి చూశాడు. "సల్లటి ఇంజన్‌కి జొరమేట్రా? ఇది సెన్సరు సెప్తున్న అబద్దం" అన్నాడు. ఇంజన్ వేడిని డయలుకు చేరవేసే ఆ బొటనవేలంత ఇత్తడి ముక్కను విప్పి, నన్ను వెంటేసుకుని వెళ్ళి గోల్‌బజార్‌లో కొత్తది కొన్నాడు. నీళ్ళు కారకుండా దాని మరలకు జనపనార చుట్టి, రంగు పూసి బిగించాడు. వర్క్‌షాపులో గొట్టాలకు అలాగే చేసేవారట.

ఇంజన్ బాగా కాగింది. ముల్లు మాత్రం ఈసారి అడుగునుంచి లేవనే లేదు! ఇక ఈ బండి వద్దని మావయ్య దండం పెట్టేశాడు. గోరుచుట్టు మీద రోకటి పోటులా అప్పుడే దాదా దిగాడు.

తాతయ్య సెన్సర్ మీది తీగ ఊడదీసి ఇంజన్‌కు తాకించాడు. ముల్లు ఎర్రగీతకు దూకింది! అంటే డయలు, తీగ రెండూ బాగున్నట్టే. ఆయన నెత్తి కొట్టుకుని పకపకా నవ్వాడు. "తప్పు నాదేరా! ఆవిరి గొట్టమనుకుని నార సుట్టేసినాను. దీని ఇత్తడి ఇంజన్‌కి తగలాల, లేపోతే కరెంటు నడవదు" అని వీధంతా వినేలా చెప్పాడు. కొడుకు ముందు, బేరానికొచ్చినవాడి ముందు, నా ముందు! పెద్దవాళ్ళు తప్పు ఒప్పుకోవడం నేను చూడటం అదే మొదటిసారి.

ఇంజన్ చల్లారాక నార గీకేసి, మరలు శుభ్రంగా తుడిచి బిగించాడు. చుక్క నీరు కారలేదు. ఇంజన్ తిప్పి అందరం డయలు మీదికి వంగాం. ముల్లు మెల్లగా లేచి, సగం దాకా వచ్చి బుద్ధిగా ఆగింది. నేను వేసిన కేకకు ఎదురింటి దీదీ పరుగెత్తుకొచ్చింది! దాదా "ఠీక్ హై" అని నవ్వి సైకిలెక్కాడు.

ఇప్పుడు నేనే అమ్మమ్మను. ఏ పని చెడినా ముందు నా చేతి అలవాటునే అనుమానిస్తాను. తప్పు నాదైతే నాదేనని పైకే చెప్పేస్తాను, మనవలు దగ్గరుంటే ఇంకాస్త గట్టిగా.