పాము చెవులు, పచ్చ దీపం

ఆ విశ్వవిద్యాలయంలో ఆవిరి గొట్టాలు ఎక్కడ మునిగి ఎక్కడ తేలతాయో వేసినవాళ్లకైనా గుర్తుందో లేదో గాని, బాయిలర్ బాబాయికి మాత్రం కళ్లకు గంతలు కట్టినా తెలుసు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆయనకు అదే పని. పొద్దున్నే బాయిలర్ రాజేసి, ఒత్తిడి ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చేదాకా కూర్చుని, ఆ తర్వాత మూరెడు స్క్రూడ్రైవర్ ఒకటి, జేబులో సుద్దముక్క ఒకటి పెట్టుకుని హాస్టల్ వంటశాలకీ లాండ్రీకీ ప్రయోగశాలలకీ గొట్టాల వెంట నడిచేవాడు.

గొట్టంలో పోతూ పోతూ ఆవిరి కొంత చల్లబడి నీరవుతుంది. ఆ నీటిని మాత్రం బయటికి వదిలి, ఆవిరిని లోపలే ఆపడానికి అక్కడక్కడా పిడికిలంత ఇనుప బుర్రలుంటాయి. ట్రాపులంటారు వాటిని. ట్రాపు చెడితే నీటితోపాటు ఆవిరీ పోతుంది. పోయినంతా మళ్లీ కాచాలి, దానికి మళ్లీ బొగ్గు, మళ్లీ పొగ. బాబాయి స్క్రూడ్రైవర్ మొనను ట్రాపుకు ఆనించి, పిడిని చెవికి ఆనించి, కళ్లు మూసుకునేవాడు. మంచి ట్రాపు టిక్కుమని, కాసేపు ఊరుకుని, మళ్లీ టిక్కుమంటుంది. చెడ్డది ఆ మధ్యలో కూడా నోరు మూయదు, సన్నగా ఈల వేస్తూనే ఉంటుంది. మంచిదైతే సుద్దతో సున్నా, చెడ్డదైతే ఇంటూ. అంతే ఆయన విద్య.

పాము చెవులని పేరు. ఒకసారి స్నాతకోత్సవంలో ముఖ్య అతిథి మాట్లాడుతుండగా వెనక వరసలోంచి లేచి, వేదిక కింద ట్రాపు పోయిందని ఇంజినీరుకు చెప్పి వచ్చాడు. ప్రసంగం కంటే అదే స్పష్టంగా వినపడిందట.

ఆ పేరు విని వచ్చిందే పెట్టెల పిల్ల. పరిశోధన చేస్తోంది. సంచి నిండా అగ్గిపెట్టెకు అన్నలాంటి చిన్న చిన్న పెట్టెలు మోస్తూ తిరుగుతుందని బాబాయే ఆ పేరు పెట్టాడు. భూమి వేడెక్కడాన్ని తగ్గించే కొత్త ఉపాయాలకు విశ్వవిద్యాలయం ఏటా ఒక పోటీ పెడుతుంది. గెలిచిన ఉపాయాన్ని నిజంగా అమలు చేయడానికి బహుమతి ఇస్తుంది. ఈ పిల్ల ఉపాయం ఆ పెట్టె. ట్రాపుకు తగిలిస్తే రాత్రింబవళ్లు దాని చప్పుడు వింటూ, బాగుంటే పచ్చ దీపం, చెడితే ఎర్ర దీపం వెలిగిస్తుంది. గెలిస్తే అన్ని భవనాలకీ, ఆ తర్వాత ఊళ్లోని ఫ్యాక్టరీలకీ పెట్టెలు పెడతారు.

మరి ఏ చప్పుడు మంచిదో ఏది చెడ్డదో పెట్టెకు ఎవరు నేర్పాలి? బాబాయే నేర్పాడు. ఏడాదిపాటు ఆ పిల్ల ఆయన వెంట తిరిగింది. పెట్టె వినేది, ఆయన వినేవాడు, ఆయన చెప్పిన మాట ఆమె రాసుకునేది. అలా వేల మాటలు పెట్టెలోకి ఎక్కాయి.

“ఇంక నేను రిటైరయినా నా చెవులు డ్యూటీ చేస్తాయే,” అన్నాడు బాబాయి ఇంట్లో, భార్యతో.

ఆమె కుట్టుమిషన్ ముందు కూర్చుని మోచేతి మీద చటుక్కున కొట్టుకుంది. “ముందు ఇంట్లో డ్యూటీ చెయ్యమను. ఈ దోమల రొద వినలేక చస్తున్నా.”

“ఈ ఏడు దోమలెక్కడున్నాయి? ఒక్కటీ లేదు.”

ఆమె ఆయన వంక ఒక్క క్షణం చూసి, మళ్లీ మిషన్ తొక్కింది.

పోటీ చివరి రౌండుకు ఒక రోజు ముందు బాబాయి లాండ్రీ మీదుగా వెళ్తుంటే, అక్కడ ఇస్త్రీ చేసే ఆమె అడ్డం తగిలింది. “అన్నా, ఆ మూల గొట్టం వారం నుంచి ఈల వేసి చంపుతోంది. దాన్ని బాగుచేసేదేమైనా ఉందా, నన్నే చెవుల్లో దూది పెట్టుకోమంటావా?”

ఆ ట్రాపు మీద మూడు రోజుల కిందటి సున్నా ఉంది, ఆయన పెట్టిందే. బాబాయి నవ్వుతూ స్క్రూడ్రైవర్ ఆనించాడు. టిక్. కాసేపు నిశ్శబ్దం. టిక్. రెండో చెవికి మార్చాడు. అదే. ఆమె మాత్రం ముఖం చిట్లించుకునే నిలబడి ఉంది. ఎందుకైనా మంచిదని బకెట్ నిండా చన్నీళ్లు తెచ్చి, ట్రాపు నుంచి వచ్చే గొట్టం కొసను అందులో ముంచాడు. మంచి ట్రాపయితే ఉండి ఉండి ఒక గుటక నీళ్లు కక్కుతుంది. ఇది ఆగకుండా కుతకుతలాడింది. పది నిమిషాల్లో ఆ నీళ్లలో వేలు పెట్టలేకపోయాడు.

తలెత్తి చూస్తే, ట్రాపు మీది పెట్టెలో పచ్చ దీపం నిమ్మళంగా వెలుగుతోంది.

చెవి మందగించిన సంగతి లోలోపల బాబాయి ఎరగనిది కాదు. బాయిలర్ దగ్గర కూర్చునేవాడికి ఏటా చెవి పరీక్ష ఉంటుంది. రెండేళ్లుగా సరిగ్గా ఆ రోజే సెలవు పెడుతున్నాడు. ఇంకో మూడేళ్లు ఎలాగో నెట్టుకొస్తే చాలనుకున్నాడు. కాని పెట్టె సంగతి ఇప్పటిదాకా తట్టలేదు. పెట్టెకు ఈల వినపడుతూనే ఉంది. ఆ ఈల ఉన్నా మంచిదేనని దానికి ఏడాది పొడవునా చెప్పింది తనే. రేపు గెలిస్తే తన చెవుడు ఊరంతా తగిలిస్తారు.

అప్పటికప్పుడే ఆ పిల్లను వెతుక్కుంటూ వెళ్లాడు. ఖాళీ కుర్చీల ముందు నిలబడి రేపటి ప్రసంగం వల్లె వేసుకుంటోంది. ఆయన్ని చూడగానే ముఖం చేటంత చేసుకుని, రేపు లాండ్రీలోనే చూపిద్దామంది. ముందు బాబాయి వినాలి, తర్వాత పెట్టె, ఇద్దరి మాటా ఒకటే కావాలి. వచ్చిన సంగతి చెప్పకుండానే, సరేనని వెనుదిరిగాడు బాబాయి.

మర్నాడు ముగ్గురు న్యాయనిర్ణేతలు వచ్చారు. నిన్నటి ట్రాపు మీది పెట్టెకు గుడ్డ కప్పారు. ఇంజినీరు గట్టిగా ఇస్త్రీ చేసిన చొక్కాలో పక్కన నిలబడ్డాడు. ఆ చొక్కా ఇస్త్రీ చేసినామె మూలన నిలబడింది.

బాబాయి స్క్రూడ్రైవర్ ఆనించి కళ్లు మూసుకున్నాడు. టిక్. నిశ్శబ్దం. టిక్. మంచిదంటే పెట్టె కూడా మంచిదే అంటుంది, అందరూ చప్పట్లు కొడతారు. చెడ్డదంటే, నిన్నటి బకెట్ పుణ్యమా అని పాము చెవుల పేరు నిలబడుతుంది, పెట్టె అబద్ధమవుతుంది, తప్పు ఆ పిల్ల నెత్తిన పడుతుంది. ఏ మాటన్నా తనకు ఢోకా లేదు.

“నాకు వినపడటం లేదండి,” అన్నాడు.

ఇంజినీరు చప్పున చెయ్యి ఊపి ఉతికే మిషన్లు ఆపించాడు.

“మిషన్లు ఆపినా అంతేనండి. సన్నటి చప్పుళ్లు నాకు అందడం మానేసి చాన్నాళ్లయింది. ఈ ట్రాపు పోయింది. నిన్న బకెట్ పెట్టి చూశాను. పెట్టె బాగుందంటుంది, చూడండి. దాని తప్పు లేదు, ఈ అమ్మాయి తప్పు అసలే లేదు. పాఠం చెప్పింది నేను.”

గుడ్డ తీశారు. పచ్చ దీపం.

“వారం నుంచి మొత్తుకుంటూనే ఉన్నా,” అంది మూల నుంచి ఇస్త్రీ ఆమె.

నిర్ణేతల్లో తెల్లజుట్టు ప్రొఫెసరమ్మ, ఇలాంటివి ఎన్ని ఉండొచ్చని అడిగింది. సున్నా పెట్టినవన్నీ మళ్లీ చూస్తే గాని చెప్పలేనన్నాడు బాబాయి.

ఆ సాయంత్రమే ఫలితం చెప్పారు. బహుమతి మిద్దెలు చల్లబరిచే రంగు చేసిన కుర్రాళ్లకు వెళ్లింది. పెట్టెకు పాఠం సరిగ్గా చెప్పుకుని వచ్చే ఏడు మళ్లీ రమ్మంది ప్రొఫెసరమ్మ. బాబాయిని సోమవారం నుంచి స్టోరులో కూర్చోమన్నాడు ఇంజినీరు. కోపంగా అనలేదు, కాని ముఖంలోకి చూడనూ లేదు.

లాండ్రీ వెనక మెట్ల మీద ఆ పిల్ల పెట్టెల సంచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. బాబాయి రెండు మెట్ల కింద కూర్చున్నాడు.

“నిన్ననే చెప్పాల్సింది, బాబాయ్.”

“చెప్పాల్సిందేనమ్మా. నోరు రాలేదు.”

ఆమె ముక్కు తుడుచుకుని, “బకెట్ పరీక్షకు ఒక్కోదానికి పది నిమిషాలు చాలా?” అంది.

“చాలు.”

“స్టోరు తెరిచేది తొమ్మిదింటికి కదా. ఆరింటికి వస్తారా? ఏ ట్రాపు ఎక్కడుందో నాకు సగం తెలియదు.”

బాబాయి తల ఊపాడు. తలుపు దగ్గర దుప్పట్లు మడతపెడుతున్న ఇస్త్రీ ఆమె, చెవులు కావాలంటే తనను పిలవమనీ, తనవి ఎలాగూ ఖాళీగానే ఉన్నాయనీ అంది.

ఆయన ఇంటికి వెళ్లేసరికి భార్య మిషన్ మీద ఉంది. చెప్పులు విడిచి, ఆమె పక్కన పీట మీద కూర్చున్నాడు. ఆమె మెడ మీద చటుక్కున కొట్టుకుంది.

“ఈ ఏడు దోమలు ఉన్నట్టున్నాయే,” అన్నాడు బాబాయి.

మిషన్ ఆగింది. ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

“ఉన్నాయి,” అంది కొంచెం గట్టిగా, ఆయనకు వినపడేలా. “పోనీలే, నీ వంతు కూడా నేనే కొడతా.”