కేసెట్టంతా అదే మాట

“మాటమాటకీ అర్థమైందా, అర్థమైందా అంటారేంటండీ, నేనేమన్నా మొద్దునా?” అని నేను. “మొద్దువని ఎవరన్నారే, నోటికి అలవాటైపోయింది, అర్థమైందా?” అని ఆయన. “మళ్ళీ అదే మాట” అని నేను. ఈ మూడు ముక్కలూ అనుకోవడానికి మాకు నాలుగు నెలలు పట్టింది. ఆయన మస్కట్‌లో, నేను రాజోలు దగ్గర అత్తగారింట్లో. మా పోట్లాట కేసెట్టులో నడిచేది. ఇప్పట్లా మంచం మీద పడుకుని ఫోన్లో మొహం చూసుకునే కాలమా అది. ఫోను కావాలంటే రాజోలు వెళ్ళి, పేరు రాయించుకుని బల్ల మీద కూర్చోవాలి (తీరా కలిసేక మన కాపురం సంగతులు వెనకున్న వాళ్ళంతా వింటారు). ఉత్తరం రాద్దామంటే నా చదువు మూడో తరగతి దగ్గర ఆగిపోయింది. ఒక కార్డు నింపేసరికి పొయ్యి మీద అన్నం మాడేది. అంచేత గల్ఫుకి మనుషుల్ని పంపిన ఇళ్ళన్నీ కేసెట్ల మీదే బతికేవి. సెలవుకి వచ్చే మనిషి తేవాలి, తిరిగి వెళ్ళే మనిషి పట్టుకెళ్ళాలి. మాకు తెచ్చే ఆయనకి నాలుగేసి నెలలకి సెలవిచ్చేవారు, ఆయన్ని పెట్టె అన్నయ్య అనేవాళ్ళం. ఆయన పెట్టెలో సొంత బట్టలు రెండు జతలుంటే గొప్ప, మిగతాదంతా ఊళ్ళోవాళ్ళ సామానే.

నేను అప్పటికే ఇంత పొదుపు మనిషిని (మా కోడలు దీనికి వేరే మాట వాడుతుంది). టేపురికార్డరు బ్యాటరీలు నీరసిస్తే పెరట్లో ఎండబెట్టి మళ్ళీ వేసేదాన్ని. ఇంటికి కేసెట్టు ఒక్కటే. ఆయన మాటలు వినేసేక వాటి మీదే నా మాటలు పట్టి పంపేదాన్ని, నా మాటల మీద ఆయన మళ్ళీ పట్టేవారు. రెండోది కొనడం దండగ కదండీ. అలాంటి నేను, అరవై నిమిషాల కేసెట్టులో పావువంతు ఒక్క మాటే తినేస్తుంటే ఎలా ఊరుకుంటాను. “ఇక్కడ ఎండలు మండిపోతన్నాయి, అర్థమైందా. మొన్న శుక్రవారం కోడికూర వండుకున్నాం, అర్థమైందా.” కోడికూర వండుకోవడంలో అర్థం కాకపోవడానికేముంది. అసలు మంట వేరే ఉంది లెండి. ఆయన పది దాకా చదివేరు, నేను మూడు. ఆ మాట వినపడ్డప్పుడల్లా పలక పట్టుకుని మేష్టారి ముందు నిలబడ్డట్టుండేది నాకు.

మా అత్తగారికి మాత్రం ఆ మాటతో ఏ పేచీ లేదు. టేపురికార్డరు ముందు పీట వేసుకుని కూర్చునేవారు. లోపల్నించి కొడుకు అర్థమైందా అన్నప్పుడల్లా ఈవిడ “ఆఁ, అర్థమైంది నాన్నా” అనేవారు. “అది టేపండీ అత్తయ్యగారూ, ఆయనకి వినపడదు” అంటే, “నాకు తెలీదేంటే. వాడు అడిగేడుగా, చెప్పద్దూ” అనేవారు. మా మొగుడూ పెళ్ళాల పోట్లాట విని నవ్వేసేవారు కూడా.

ఆవిడ వాడపల్లి గుడికి వెళ్ళిన రోజు చూసుకుని తలుపేసి, టేపురికార్డరుకి మాటలు పట్టే మీటలు రెండూ నొక్కి, కడుపులో ఉన్నదంతా కక్కేసేను. ఏమన్నానో సగం నాకే గుర్తులేదు. ఆ మాట మానేస్తేనే వింటాను, లేకపోతే కేసెట్టు వచ్చింది వచ్చినట్టు తిప్పి పంపేస్తాను అన్నది మాత్రం గుర్తుంది. ఆ వారమే పెట్టె అన్నయ్య వెళ్తూ దాన్ని పట్టుకెళ్ళేడు.

మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు మావారి జవాబు పెట్టె అన్నయ్యే తెచ్చేడు. సాయంత్రం అత్తగారు పీట వేసుకున్నారు. “అమ్మా, నేను బాగున్నాను.” టక్. “ఎండలు తగ్గేయి.” టక్. “గదిలోకి కొత్తగా ఇద్దరు వచ్చేరు.” టక్. రేడియోలో వార్తలు చదివినట్టుంది. అర్థమైందా అన్న మాట ఒక్కటంటే ఒక్కటి లేదు. గెలిచేననుకున్నాను, ఓ రెండు నిమిషాలు. గుమ్మంలో నిలబడ్డ పెట్టె అన్నయ్య, “మీ ఆయన గదిలోంచి అందర్నీ పంపేసేడు చెల్లెమ్మా. కాగితం మీద రాసుకుని, ఒక్కో ముక్కా చదివి టేపు ఆపేసేవాడు. ఆ మాట దొర్లితే వెనక్కి తిప్పి మళ్ళీ మొదలు. శుక్రవారం సెలవంతా దానికే అయిపోయింది పాపం” అన్నాడు. అత్తగారు ముందుకి వంగి కూర్చున్నారు. ఏదో అందామని నోరు తెరుస్తారు, సందు దొరకదు. చివరికి నా వైపు తిరిగి, “వీడేంటే, నన్నేం అడగట్లేదు?” అన్నారు.

ఆ మాట లేకపోయేసరికి ఆయన కబుర్లు సగం కేసెట్టుకే అయిపోయేయి. నేను లేచి ఆపేలోపు, అడుగున చెరక్కుండా మిగిలిపోయిన నా గొంతు అందుకుంది. నాది అంత కీచు గొంతని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. “…ఇంకోసారి ఆ మాట నా చెవిన పడిందంటే ఊరుకోను, అర్థమైందా?”

“ఆఁ, అర్థమైందమ్మా” అన్నారు అత్తగారు, అలవాటు కొద్దీ.

తర్వాత నా మొహంలోకి చూసేరు. పెట్టె అన్నయ్య చెప్పుల కోసం వెతుక్కున్నాడు (కాళ్ళకే ఉన్నాయి). “సరదాకంటున్నావనుకున్నానే. నిజంగానే మాన్పించేసేవా” అని, పీట తీసి గోడకి చేరవేసి ఆవిడ లోపలికి వెళ్ళిపోయేరు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు మా మనవరాలు యాక్చువల్లీ అనకుండా మంచినీళ్ళు కూడా అడగదు. వాళ్ళ నాన్న కసురుతాడు, వాళ్ళమ్మ వెక్కిరిస్తుంది. నేను ఊరికే తిరిగే ఫ్యాను కట్టేస్తాను గానీ, ఆ పిల్ల మాటకి అడ్డు వెళ్ళను. వాళ్ళ తాతగారు మస్కట్ నించి వచ్చేసి చాలా ఏళ్ళు నా పక్కనే ఉన్నారు, రోజుకి వందసార్లు అర్థమైందా అన్నారు. ఆయన పోయి నాలుగేళ్ళు. వయసులో ఉన్నప్పటి ఆయన గొంతు వినాలంటే ఒక్క ముక్క కూడా మిగల్లేదు. ఆయన మాటలన్నిటి మీదా నేనే మాట్లాడేసేను.

అత్తగారు పీట గోడకి చేరవేసిన మర్నాడు పొద్దున్నే మొదటి బస్సెక్కి అమలాపురం వెళ్ళేను. కొట్టతను “ఏ పాటలు కావాలండీ?” అన్నాడు. “పాటలొద్దండీ, ఖాళీ కేసెట్టు ఇవ్వండి. మావారికి పంపాలి” అన్నాను. “అరవై నిమిషాలదా, తొంభైదా అండీ?” అన్నాడు. తొంభైది ఇవ్వమన్నాను.