దూలపల్లి వైపు లేచిన మబ్బు

నాకు మబ్బుల పిచ్చి. మా ఆయన దాన్ని పనిలేనితనం అంటారు, అననివ్వండి. గౌడవెల్లిలో ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి సాయంత్రం కాగానే ఫోన్ పట్టుకుని డాబా ఎక్కేదాన్ని. షామీర్‌పేట వైపు నుంచి వచ్చే మబ్బుల్లో ఏది కురుస్తుందో, ఏది ఊరికే బెదిరించి పోతుందో చెప్పేదాన్ని. నా మాట మీద కాలనీలో ఆరేసిన బట్టలు తీసేవాళ్లు. దాంతో నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

కింది పోర్షన్‌లో కిరాయికి ఉండే అమ్మాయి అప్పుడప్పుడు బిడ్డను పడుకోబెట్టి వచ్చి నా పక్కన నిలబడి చూసేది. వాళ్లాయన బండి మీద దూలపల్లి వెళ్లి ఒక ఫ్యాక్టరీలో పనిచేసేవాడు.

నిరుడు శ్రావణంలో ఒక సాయంత్రం, నేనెప్పుడూ పట్టించుకోని దక్షిణం వైపు, తెల్లటి మబ్బొకటి గుట్టలు గుట్టలుగా లేచింది. అంచు మీద ఎండ పడి మెరుస్తోంది.

"ఏందక్కా గిది, మస్తుగున్నది!" అందా అమ్మాయి.

ఆమెను పిట్టగోడకు ఆనించి నిలబెట్టాను. నవ్వమన్నాను. నవ్వింది. ఫోటో తీసి వెంటనే స్టేటస్‌లో పెట్టాను. ఇద్దరు ముగ్గురు బాగుందన్నారో లేదో, ఆమె ఫోన్ మోగింది.

ఫ్యాక్టరీలో ఏదో పేలింది. మూడో రోజు అతన్ని మూటకట్టి ఇచ్చారు. ముఖం చూడనివ్వలేదు.

స్టేటస్ ఎప్పుడో తీసేశాను గానీ ఫోటో తీసేయడానికి చెయ్యి రాలేదు. పెద్దది చేసి చూస్తే మబ్బు కింద నేల దాకా నల్లటి కాడ ఉంది. మబ్బులకు కాడలుండవు. అన్నీ తెలిసినదాన్ని, ఆ రోజు పైనే చూస్తూ కూర్చున్నాను. అప్పటి నుంచి ఏ తెల్లమబ్బు కనబడినా కింద కాడ ఉందేమోనని వెతుక్కుంటున్నాను. డాబా ఎక్కాలంటే భయమేస్తోంది.

అతను పోయిన రెండు నెలలకు ఆమె పైకొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"అక్కా, నీకు మబ్బులన్నీ ఎరుకే గదా. గా దినం మనం జూసింది మబ్బే గదా?"

చేతిలో ఉన్న ఫోన్ బోర్లించి పెట్టాను.

"అందరు పొగ అంటున్నరు. పొగ అయితే, ఆయన కాలుతుంటె నేను నవ్వినట్టు గదక్కా."

"మబ్బే," అన్నాను. "వానమబ్బు. పొగ అలా ఉండదు. నాకు తెలీదా?"

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. చాలాసేపటికి కొంగుతో ముఖం తుడుచుకుని, "అయితే గా ఫోటో నాకు పంపక్కా," అంది. "నేను నవ్విన ఫోటో ఇంకోటి లేదు. బిడ్డకు జూపిస్త."

సరేనన్నాను. కాడ కనబడకుండా కత్తిరించి పంపుదామని కూర్చున్నాను. అది సరిగ్గా ఆమె భుజం వెనక నుంచి, చెంపను ఆనుకుని లేస్తోంది. దాన్ని తీసేయాలంటే ఆమెను తీసేయాలి.

ఇప్పటికీ మెట్ల దగ్గర ఎదురైతే, "ఫోటో పంపలేదేందక్కా?" అని అడుగుతుంది. రేపు పంపుతానంటాను.